స్లైడర్ తీసేయండి, ఫీజు కనిపించనివ్వండి

ప్రశ్న: మాది కోనసీమ. నేను పనిచేసే యూనివర్సిటీలో కొత్త వెబ్‌సైట్ పని నాకు అప్పజెప్పారు. హోం పేజీలో ఎనిమిది ఫొటోల స్లైడర్ (ఒకదాని తర్వాత ఒకటి మారుతూ వచ్చే ఫొటోల వరుస), డ్రోన్ వీడియో, పక్కన పరుగెత్తే నోటీసులు ఉండాలని పెద్దలు పట్టుబడుతున్నారు. పిల్లలేమో ఫీజు ఎక్కడుందో దొరకట్లేదని ఫోన్లు చేస్తున్నారు. ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: ముందు ఆ స్లైడర్ తీయించండి మేడమ్. అమెరికాలోని నోటర్ డామ్ యూనివర్సిటీ సైట్ లెక్కలు 2013లో బయటికొచ్చాయి. హోం పేజీకి వచ్చినవాళ్లలో స్లైడర్ మీద నొక్కింది సుమారు ఒక్క శాతమే, ఆ నొక్కుళ్లలో కూడా 84 శాతం మొదటి ఫొటో మీదే. అంటే మీ ఎనిమిదింట్లో ఏడు ఎవరూ పట్టించుకోకపోయినా పేజీని బరువెక్కిస్తాయి. ఒక్క ఫొటో చాలు. అది గేటూ శిలాఫలకమూ కాకుండా, పిల్లలు ల్యాబులో చెరువు నీళ్లు పరీక్షిస్తున్నదో, పొలంలో పని నేర్చుకుంటున్నదో అయితే, భీమవరం వైపు నుంచి కొడుకునో కూతురినో చేర్పించాలని చూసే తండ్రికి మీ దగ్గర ఏం నేర్పుతారో అర్థమవుతుంది.

దాని కిందే కోర్సుల కార్డులు. ఒక్కో కార్డులో చిన్న ఫొటో, కోర్సు పేరు, ఎన్నేళ్లు, ఫీజు ఎంత. ఫొటోలన్నీ ఒకే కొలతలో ఉండాలి. అడ్మిషన్ దశలు బొమ్మ గీసి చూపించండి (ర్యాంకు, కౌన్సెలింగ్, సీటు కేటాయింపు, రిపోర్టింగ్), కానీ అదే విషయం కింద అక్షరాల్లో కూడా రాయండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదీ: నోటీసుని స్కాన్ చేసి ఫొటోగా పెట్టడం. చూపు లేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్‌కి (తెర మీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) అందులో చదవడానికి ఏమీ ఉండదు, ఫోన్లో చూసేవాడు వేళ్లతో పెద్దది చేసుకుని అటూ ఇటూ జరుపుకోవాలి, వెతికితే సరిగ్గా దొరకదు. పరీక్ష తేదీ మారిందని తెలియక ఒక పిల్లాడు నష్టపోతే ఎవరిది బాధ్యత? నోటీసు మేటర్ నేరుగా పేజీలో టైపు చేయించండి. ఆఫీసులో అను ఫాంట్లలో (పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) కొట్టింది అలాగే అతికిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి, ఏ ఫోన్లోనైనా కనిపించే యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి. పరుగెత్తే నోటీసులు వద్దు, తేదీలతో వరుసగా పెడితే చాలు.

డ్రోన్ వీడియో ఉండనివ్వండి గానీ దానంతటది మొదలవకూడదు, నొక్కితేనే ఆడాలి, మాటలుంటే కింద అక్షరాలు కూడా రావాలి. దానంతటదే మొదలై ఐదు సెకన్లు దాటి కదిలేదేదైనా ఆపుకునే వీలుండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలే చెబుతున్నాయి. ఫొటో మీద మామూలు సైజు అక్షరాలు వేస్తే అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి, తెల్లటి ఆకాశం మీద తెల్ల అక్షరాలు వేస్తే ఎవరికీ కనపడవు.

కెమెరా నుంచి వచ్చిన ఐదారు ఎంబీల ఫొటోని అలాగే ఎక్కించకండి. కొలత తగ్గించి, వెబ్ కోసం ఫొటో సైజు తగ్గించే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే చాలాసార్లు రెండు మూడు వందల కేబీల్లోకి వచ్చేస్తుంది. ప్రతి ఫొటోకీ ఆల్ట్ టెక్స్ట్‌లో (స్క్రీన్ రీడర్ ఫొటోకి బదులుగా చదివే వివరణ) అది ఏం చూపిస్తోందో ఒక్క వాక్యం రాయండి, ఊరికే అలంకారానికి పెట్టిన గీతలకీ పువ్వులకీ మాత్రం ఖాళీగా వదిలేయండి.

పెద్దల్ని ఒప్పించడానికి వాదన పెట్టుకోకండి. సిగ్నల్ సరిగా లేని లంక గ్రామం నుంచి వచ్చే మీ విద్యార్థి ఫోన్ తీసుకుని, ఆ పెద్దల ముందే ఇప్పుడున్న సైట్‌లో హాస్టల్ ఫీజు వెతకమనండి.