సెకండ్‌హ్యాండ్ ఫ్రంట్ లోడ్: స్పిన్‌లో సౌండ్
మీరు కొనాలనుకుంటున్న సెకండ్‌హ్యాండ్ ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ స్పిన్‌లో విమానంలా హోరెత్తుతోందన్నారు, అది చాలావరకు డ్రమ్ బేరింగే (డ్రమ్ సాఫీగా తిరగడానికి ఉండే భాగం) అండి. అమ్మేవాళ్లు నేల ఎగుడుదిగుడు వల్ల సౌండ్ అంటున్నారని రాశారు కదా, లెవెల్ తేడా అయితే మెషిన్ ఊగుతుంది, దడదడలాడుతుంది, అంతేగానీ స్పీడ్ పెరిగేకొద్దీ విమానంలా హోరెత్తదు.

కొనేముందు ఇవి చూసుకోండి.

1. ప్లగ్ తీసేసి డ్రమ్ లోపలి అంచు పట్టుకుని పైకి లేపండి. నీళ్లు నిలిచే బయటి టబ్‌తో కలిసి కదిలితే ఓకే, లోపలి డ్రమ్ ఒక్కటే టకటకా ఆడితే బేరింగ్ పోయినట్టే.

2. చేత్తో తిప్పండి. గరగర వినిపించకూడదు.

3. అందరూ వదిలేసేది ఇదే, నీళ్లు పెట్టి నడపడం. లైట్లు వెలిగాయి డ్రమ్ తిరిగింది అనగానే డబ్బులిచ్చేస్తారు, కానీ లీకులు, డ్రెయిన్ పంపు సంగతి నీళ్లు ఎక్కితేగానీ బయటపడవు. రిన్స్ ప్లస్ స్పిన్ పెట్టి, రెండు తడి టవల్స్ వేసి, ఫుల్ స్పీడ్ స్పిన్ అయ్యేదాకా అక్కడే ఉండండి. తర్వాత మెషిన్ పక్కకి జరిపి కింద తడి ఉందేమో చూడండి.

డోర్ రబ్బరు మడత కూడా లాగి చూడండి, బూజు పర్లేదు, చిరుగుంటే కష్టం.

కొన్ని మోడల్స్‌లో టబ్ విప్పడానికి వీల్లేకుండా సీల్ చేసి ఉంటుంది, బేరింగ్ కోసం టబ్ మొత్తం మార్చాలి. కాబట్టి డ్రమ్ ఆడితే బేరం కూడా వద్దు, వదిలేయండి.