బంతి రానప్పుడు వాడిని చూడు

సువానీ, జార్జియా

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు బడుల్లోంచి ఆటగాళ్లను వెతికిపెట్టే ఉద్యోగం నీకు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు దాని గొంతులో సగం సంతోషం, సగం దిగులు వినిపించాయి. "కంప్యూటర్ చదివినవాడు ఊళ్లో పిల్లల పరుగులు లెక్కపెట్టే కొలువులో చేరాడేమిటి అన్నయ్యా" అంది. ఇరవై ఏళ్లు ఆ కొలువే చేసినవాడిని, నేనేం జవాబు చెప్పను? ఈ ఉత్తరం నీకంటే ముందు అదే చదువుతుంది కనుక కొన్ని సంగతులు దానికీ తెలిసేలా రాస్తాను. విసుక్కోకు.

మీ కోచ్ నిన్ను కార్నర్‌బ్యాక్‌లను వెతకమన్నాడు. చెల్లీ, కబడ్డీలో గొలుసు చివర నిలబడి, కూతకు వచ్చినవాడి మడమ పట్టేవాడిని కార్నర్ అంటారు కదా. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ మైదానం అంచున నిలబడేవాడే కార్నర్. ఎదుటి జట్టులో బంతి అందుకోవడానికి పరుగెత్తే రిసీవర్‌ను వీడు ఆపాలి. ఎటు మళ్లాలో రిసీవర్‌కు ముందే తెలుసు, వీడికి తెలియదు. పైగా మొదటి అడుగులు వెనక్కి వేస్తూ, ముందుకు వచ్చేవాడితో సమానంగా కదలాలి. బడిలో ఇంత కష్టమైన పని చేసే పిల్లలు అరుదు. చేయగలిగినట్టు కనిపించేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

పిల్లలు పంపే మూడు నిమిషాల వీడియో పెళ్లిచూపులకు పంపే ఫొటో లాంటిది. అందులో అబద్ధం ఉండదు, అసలు మనిషి కూడా ఉండడు. హడల్‌లో (పేరు చూసి హడలిపోకు చెల్లీ, బడులు తమ ఆటల వీడియోలు దాచుకునే చోటు అది) ఆట మొత్తం ఉంటుంది. బడి కోచ్‌ను మర్యాదగా అడిగి తెప్పించుకో. గెలిచిన ఆట వద్దు, చిత్తుగా ఓడిన ఆట అడుగు.

దాన్ని చూసేటప్పుడు బంతి వెంట నీ కన్ను పోనివ్వకు. బంతి అవతలి వైపు పోయినప్పుడు మనవాడు ఏం చేస్తున్నాడు? నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడా, అడ్డంగా పరుగెత్తి వస్తున్నాడా? ఇంటర్‌సెప్షన్ల (ఎదుటివాళ్లు విసిరిన బంతిని మధ్యలో లాక్కోవడం) లెక్క చూసి మురిసిపోకు. నిజంగా గట్టి కార్నర్ వైపు బంతి విసిరేవాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, విసరడానికే జంకుతాడు, కాబట్టి వాడి ఖాతాలో అవి తక్కువే ఉండవచ్చు. ఎనిమిది పట్టినవాడి వైపు అన్ని బంతులు ఎందుకు విసిరారో ముందు కనుక్కో.

తర్వాత నడుము చూడు. రిసీవర్ దగ్గరికి వచ్చేసరికి కార్నర్ వెనక్కి నడవడం ఆపి, తిరిగి, పరుగందుకోవాలి. ఆ తిరుగుడులోనే సగంమంది దొరికిపోతారు. తిరిగే ముందు నిటారుగా లేస్తే ఒక అడుగు పోయినట్టే. మీ అమ్మమ్మ చెరువు నుంచి బిందె నెత్తిన పెట్టుకుని వచ్చేది. వెనక ఎవరైనా పిలిస్తే చుక్క తొణక్కుండా తిరిగేది. తల ఎత్తు మారకుండా తిరగడం అంటే అదీ. ఇది నేర్పితే కొంత వస్తుంది, కానీ పూర్తిగా లేనివాడికి నేర్పడం నా వల్ల కాలేదు.

వాడు ఏ పక్కన ఆడుతున్నాడో కూడా రాసుకో. బడి మైదానంలో నడిమి గీతలు అడ్డాన్ని మూడు సమాన భాగాలు చేస్తాయి. కాలేజీలో ఆ గీతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. బంతి ఒక గీత మీద ఉంటే బడిలో ఇరుకు పక్క సుమారు 18 గజాలు, వెడల్పు పక్క 35 దాటుతుంది. ఇరుకు పక్క ఆడేవాడికి మైదానపు అంచే సాయం. ఎప్పుడూ అటే ఆడినవాడు ఖాళీ జాగాలో ఎలా ఉంటాడో చూడకుండా నిర్ణయానికి రాకు.

ఇక వేగం. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. ఒక బడి కోచ్ 40 గజాల పరుగుకు నాలుగున్నర సెకన్ల లోపు అని చెబితే నమ్మి, పిల్లవాడికి మాట ఇచ్చేశాను. ఆగస్టులో మా మైదానంలో పరుగెత్తించి చూస్తే గుండె జారింది. కుర్రవాడిది తప్పు కాదు. చేత్తో గడియారం నొక్కేవాడు కదలిక చూశాక నొక్కుతాడు, కాబట్టి సమయం ఎప్పుడూ తక్కువే పడుతుంది. పరుగుపందేల వాళ్లు 100 మీటర్ల చేతి లెక్కను సరిచేయడానికి 0.24 సెకన్లు కలుపుతారు. అందుకే వసంతకాలం పోటీల్లో యంత్రం కొలిచిన 100, 200 మీటర్ల సమయాలు తప్ప మరేవీ నమ్మకు. చలికాలంలో బాస్కెట్‌బాల్ వీడియో దొరికితే ఇంకా మంచిది. బంతి తెస్తున్నవాడి ముందు కాళ్లు పెనవేసుకోకుండా పక్కకు జరిగేవాడిని నేను రెండుసార్లు చూస్తాను.

రెండో తప్పు చెప్పడానికి ఇప్పటికీ మనసొప్పదు. ఎముకల గూడులా ఉన్న ఒక కుర్రవాడిని "గాలికి ఎగిరిపోతాడు" అని నవ్వి పక్కన పెట్టాను. రెండేళ్లకు వాడు మాకంటే పెద్ద కాలేజీలో ఆడాడు. డెట్రాయిట్ బడిలో ఆడే రోజుల్లో అహ్మద్ గార్డ్‌నర్ అనే కార్నర్ కూడా సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఐదుకు మూడు నక్షత్రాల ఆటగాడని లెక్క వేసి చాలామంది వదిలేశారు. సిన్సినాటి కాలేజీ తీసుకుంది. మూడేళ్లలో వాడు కాపు కాసిన రిసీవర్ ఒక్క టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం) కూడా చేయలేదు. 2022లో వృత్తి జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు నాలుగో పిలుపుకే న్యూయార్క్ జెట్స్ ఎంచుకుంది. బరువు భోజనంతో వస్తుంది, చేతుల పొడవు రాదు. భుజం ఎముక నుంచి మధ్యవేలి కొస దాకా కొలువు.

మా ఊళ్లోని కాలిన్స్ హిల్ బడిలో ట్రావిస్ హంటర్ ఆడేవాడు. అలాంటివాడిని గుర్తించడానికి నువ్వూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. దేశమంతా గుర్తించింది. 2021 డిసెంబరులో అందరూ పెద్ద కాలేజీ ఫ్లోరిడా స్టేట్ అనుకుంటుంటే చిన్నదైన జాక్సన్ స్టేట్‌కు వెళ్లి పెద్దపెద్దవాళ్లకే మతిపోగొట్టాడు, చివరికి కొలరాడోలో ఆడుతూ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ బహుమతి 2024లో గెలిచాడు. మీది రెండో డివిజన్ కాలేజీ, అంటే పెద్ద కాలేజీల కింది మెట్టు. మీ మనిషి వేరే చోట ఉంటాడు. మాల్కమ్ బట్లర్‌ను గుర్తు పెట్టుకో. విక్స్‌బర్గ్ కుర్రవాడు, చదువు మధ్యలో ఆగి పొపాయిస్‌లో కోడి వేపుళ్లు అమ్మాడు, తర్వాత వెస్ట్ అలబామాలో ఆడాడు. అదీ రెండో డివిజనే. ఏ వృత్తి జట్టూ ఎంచుకోకపోతే న్యూ ఇంగ్లండ్ జట్టువాళ్లు పరీక్షించి పెట్టుకున్నారు. 2015 ఫిబ్రవరి 1న వృత్తి జట్ల ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో, గోల్ గీత దగ్గర, ఆఖరి నిమిషంలో బంతి లాక్కున్నాడు. అంతకు కాస్త ముందే వాడు కాపున్న రిసీవర్ కింద పడి కూడా బంతి పట్టేశాడు. వాడు దాన్ని తలచుకుంటూ కూర్చోలేదు.

నా జాబితాలో అన్నిటికంటే పైన రాసుకునేది అదే. కార్నర్ ఎంత మంచివాడైనా ఏదో ఒక రాత్రి అందరూ చూస్తుండగా ఓడిపోతాడు. ఓడిన ఆ విడతను కాదు, అదే ఆటలో దాని తర్వాతి విడతను పదిసార్లు తిప్పి చూడు. భయపడి పది గజాలు వెనక్కి వెళ్లి నిలబడ్డాడా? కోపంతో రిసీవర్ చొక్కా పట్టుకుని జరిమానా తెచ్చాడా? నిన్నటి పాఠం దిద్దుకున్న పిల్లవాడిలా, మునుపటి చోటే, మునుపటి దూరంలోనే నిలబడ్డాడా? మూడో రకంవాడి పేరు దొరికితే ఆ రాత్రే నాకు ఫోను చెయ్యి.

మార్కుల పత్రం మొదటి వారంలోనే అడుగు. రెండో డివిజన్‌కు 16 ప్రధాన పాఠాలు, వాటిలో 2.2 గ్రేడు సగటు కావాలి. వాడి మీద మనసు పడ్డాక పత్రం చూస్తే ఇద్దరికీ బాధే. కాలేజీ ఆటల సంఘం కాలెండర్‌లో పిల్లలతో ఎప్పుడు మాట్లాడవచ్చు, ఎప్పుడు దూరం నుంచి చూడటమే, ఎప్పుడు ఎదురుపడకూడదు అనేవి గోడకు అంటించుకో. నీ హోదాలో ఉన్నవాడు బడికి వెళ్లి ఆట చూడవచ్చో లేదో బయల్దేరే ముందే నియమాల అధికారిని అడుగు. "నాకు తెలియదు" అంటే ఎవరూ క్షమించరు.

డబ్బు సంగతి. మీకు ఉన్నది 36 స్కాలర్‌షిప్‌ల విలువ, దాన్ని జట్టంతటికీ ముక్కలు చేసి పంచాలి. ఆ ముక్క ఎంతో తల్లికి మొదటి రోజే చెప్పు. ఎన్ని వేలు వాళ్లు కట్టుకోవాలో కాగితం మీద రాసి ఇవ్వు. వంటగది బల్ల దగ్గర కూర్చుని "అంతా మేం చూసుకుంటాం" అనేవాళ్లు చాలామంది వస్తారు. మాట తప్పినవాడి పేరు ఆ బడిలో పదేళ్లు నిలుస్తుంది. వాడు బాగా ఆడితే రెండేళ్లకు పెద్ద కాలేజీ వాళ్లు పోర్టల్‌లోంచి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే చోటు) ఎత్తుకుపోతారు, అదీ తెలుసుకో. ఏడవకు. ఆ తల్లే పక్కింటి తమ్ముడి పేరు చెబుతుంది.

నువ్వు పోయిన వారం పంపిన ఆ ఇద్దరి వీడియోలు చూశాను. ఎర్ర చొక్కావాడు అందంగా ఆడతాడు, నాకు నచ్చలేదు. తెల్ల చొక్కావాడు మూడో పాదంలో ఒకసారి ఘోరంగా మోసపోయాడు. సరిగ్గా ఆ తర్వాతి విడత దగ్గర వీడియో కత్తిరించి ఉంది. మిగిలింది తెప్పించి పంపు. మీ అత్తయ్య జంతికలు పోసింది, శనివారం వచ్చి తీసుకెళ్లు.

మీ మామయ్య