హైదరాబాదులో మద్యం మానినవారి సమావేశాల గురించి

నమస్కారమండీ. చికిత్స ముగించుకుని ఇంటికి వచ్చిన మీ అన్నయ్యగారు మళ్లీ మద్యం జోలికి పోకుండా ఉండేందుకు హైదరాబాదులో తోడ్పడే బృందం ఏదైనా ఉందా అని మీరు అడిగారు. తాగుడు మానినవారు, మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో మొదలైన దీని సమావేశాలు హైదరాబాదు, సికింద్రాబాదులలోనూ జరుగుతుంటాయి. వాటికి రుసుమేమీ ఉండదు, తాగుడు మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు, ఇంటిపేరు సైతం చెప్పనవసరం లేదు. పరువు పోతుందని వెనుకాడేవారికి ఇదే పెద్ద ఊరట.

ముందుగా ఆయనకు చికిత్స చేసిన వైద్యుణ్ణి గానీ, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలోని కౌన్సెలర్లను (సలహాదారులను) గానీ అడగండి. మత్తు వ్యసనాల విషయంలో సాయపడే కేంద్ర ప్రభుత్వపు ఉచిత నంబరు 14446కు కూడా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడుకునే బృందమే కావాలని తప్పక చెప్పండి, ఎందుకంటే మనసులోని బాధ సొంత భాషలోనే సులువుగా బయటపడుతుంది. బహిరంగ సమావేశమైతే, అంటే తాగుడు సమస్య లేనివారు కూడా రాగలిగేదైతే, మొదటిసారి మీరూ వెంట వెళ్లవచ్చు. ఒక బృందం నచ్చకపోతే ఆయనను తప్పుపట్టకుండా మరొకటి చూడండి. వదినగారి వేదన కూడా చిన్నది కాదు. కుటుంబసభ్యుల కోసం అల్-అనాన్ అనే వేరే బృందాలున్నాయి.

ఒకవేళ ఆయన మళ్లీ రోజూ తాగడం మొదలుపెడితే మాత్రం ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించకండి. రెండు మూడు రోజుల్లో మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు కాబట్టి ముందు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.