పాఠకుల ప్రశ్నలు, జవాబులు: బడి విడిచాక స్నేహం

పదో తరగతి ఫలితాలు వెలువడి, పిల్లలు టీసీలు తీసుకుంటున్న రోజులివి. ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే దిగులును మోసుకొచ్చాయి. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పి, ఏటా ఒక తరగతిని సాగనంపినదాన్ని కాబట్టి, ఈ పుటను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతి నుంచి మేము నలుగురం ఒకే బెంచీలో కూర్చున్నాము. ఇప్పుడు ఒకరు విజయవాడలో హాస్టల్ ఉన్న జూనియర్ కాలేజీలో ఎంపీసీలో చేరుతోంది. అక్కడ ఫోను ఉంచుకోనివ్వరట. ఇంకొకరికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. నేను మా మండల కేంద్రంలోనే ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ తీసుకున్నాను. నాలుగో అమ్మాయిని ఇంట్లో చదువు మాన్పిస్తున్నారు. చివరి పరీక్ష రోజున ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో నలుగురమూ ‘ఎప్పటికీ విడిపోము’ అని రాసుకున్నాము. ఆరు నెలలు పోతే ఎవరికీ ఎవరూ గుర్తుండరని మా అక్క అంటోంది. అది నిజమేనా?

జవాబు: అమ్మా, మీ అక్క మాటను నేను కొట్టిపారేయలేను. అలా జరగడం చాలాసార్లు చూశాను. కానీ అలా విడిపోయిన పిల్లల్లో ఒకరంటే ఒకరికి ఇష్టం తగ్గినవాళ్లు నాకు దాదాపుగా కనిపించలేదు. రోజూ కలిపి కూర్చోబెట్టే బెంచీ ఒకటి పోయింది, దాని స్థానంలో మరొకటి ఎవరూ వేసుకోలేదు, అంతే.

ఆ బెంచీ విలువ ఎంతో లెక్క చూద్దాం. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. అంటే దారిలో నడిచిన సమయం, మధ్యాహ్న భోజనం దగ్గర కూర్చున్న సమయం కలపకుండానే, మీరు నలుగురూ ఒక్కొక్క ఏడాదిలో వెయ్యి గంటలు భుజం భుజం తగిలేలా గడిపారు. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త పరిచయం ఆప్తస్నేహంగా మారడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి ఉంటుందని అంచనా కట్టాడు. అన్ని గంటలను బడి మీకు అడగకుండానే ఇచ్చింది. ఇకమీదట ప్రతి గంటనూ ఎవరో ఒకరు పూనుకొని సంపాదించాలి. ఆ పూనుకొనే మనిషివి నువ్వే కావాలని నేను కోరుతున్నాను, ఎందుకంటే కాలేజీకి వెళ్లే ముగ్గురిలో ఊరిలోనే ఉండిపోతున్నది, ఉత్తరం రాయాలన్న ఆలోచన వచ్చినది నువ్వే.

హాస్టల్‌లో చేరే అమ్మాయి సంగతి మొదట చెబుతాను. ఫోను లేనంత మాత్రాన దారి మూసుకుపోదు. ఆమె తల్లిదండ్రులు ఆదివారం పూట పచ్చళ్లు, జంతికలు కట్టుకొని చూడటానికి వెళ్తారు కదా. 200 పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొని, మొదటి నాలుగు పేజీలు నువ్వు రాసి, ఆ జంతికల సంచిలో పెట్టి పంపించు. ఆమె తీరిక దొరికినప్పుడల్లా రాసి, తరువాత వచ్చినప్పుడు తిప్పి పంపిస్తుంది. అది పాలిటెక్నిక్ అమ్మాయి దగ్గరికీ వెళ్లి వస్తుంది. వార్డెన్ గారు తెరిచి చూసినా ఇబ్బంది లేని మాటలే రాసుకోండి. నా దగ్గర చదువుకున్న ముగ్గురు అమ్మాయిలు ఇంటర్మీడియట్ రెండేళ్లూ ఇలా చేశారు. ఆ పుస్తకాన్ని నేను చూశాను. ఒక పేజీలో కెమిస్ట్రీ పరీక్ష పోయినందుకు ఏడుపు, దాని కిందనే మరొక చేతిరాతలో అదే పాఠానికి తేలిక దారి, మార్జిన్‌లో సంక్రాంతి ముగ్గు ఒకటి, చుక్కలతో సహా. దసరా, సంక్రాంతి సెలవుల్లో తప్పకుండా కలుసుకొనే రోజును, చోటును ఇప్పుడే అనుకొని ఆ పుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకోండి. ‘ఎప్పుడైనా కలుద్దాం’ అనుకున్నవాళ్లు కలుసుకోరు. ‘భోగి మర్నాడు పొద్దున్నే రామాలయం దగ్గర’ అనుకున్నవాళ్లు కలుసుకుంటారు.

ఇక నీ ఉత్తరంలో నాలుగో అమ్మాయి గురించి ఒక్క వాక్యమే ఉంది. నా మనసు అక్కడే ఆగిపోయింది.

నేను 1979లో పదో తరగతి ముగించినప్పుడు మా వీధి మొత్తం మీద ఫోను లేదు. మేము ఐదుగురం ఇన్‌లాండ్ కవర్ల మీద రాసుకునేవాళ్లం. చోటు చాలక, మడిచి అతికించే సన్నని అంచు మీద కూడా అడ్డంగా అక్షరాలు ఇరికించేవాళ్లం. మాలో ఒకామెకు ఆ వేసవిలోనే పెళ్లి చేశారు. ఆమెకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. నన్ను మరిచిపోయిందని అభిమానపడి మూడోది రాయలేదు. పదకొండేళ్ల తరువాత ఒక బంధువుల పెళ్లిలో ఎదురుపడినప్పుడు, నా రెండు ఉత్తరాలనూ అత్తవారింట్లో పెద్దలు చదివి తమ దగ్గరే ఉంచుకున్నారని, జవాబు రాయడానికి ఆమె చేతికి కాణీ ఇచ్చే దిక్కు కూడా లేదని తెలిసింది. ఆ రెండో ఉత్తరం తరువాత నేనే ఒకసారి బస్సెక్కి వెళ్లి ఉంటే ఎంత బాగుండేదో అని ఈనాటికీ అనుకుంటూ ఉంటాను. వాళ్ల ఊరు మాకు 40 కిలోమీటర్లే.

కాలేజీకి వెళ్లే ముగ్గురి మధ్య కాలేజీ కబుర్లే నడుస్తాయి. వాటిని వింటూ కూర్చున్న నాలుగో మనిషి మెల్లగా లేచి వెళ్లిపోతుంది, ఎవరూ గమనించరు. అందుకని వారానికి ఒకసారి నువ్వే వాళ్లింటికి వెళ్లు. వాళ్లమ్మగారితో నాలుగు మాటలు మాట్లాడు. నువ్వు ఆ ఇంట్లో అలవాటైన మనిషివైతే ఆ అమ్మాయికి బయటి గాలి ఆగిపోదు. చదువు ఆపడానికి కారణం ఖర్చయితే, అనేక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలలో ఇప్పుడు ఇంటర్మీడియట్ కూడా ఉంది, హాస్టల్‌తో సహా ఉచితం. ఇంటి దగ్గరే ఉండి చదవాలంటే ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్మీడియట్ రాయవచ్చు. ఈ మాటలు ఆ తల్లిదండ్రులకు నువ్వు చెబితే వినకపోవచ్చు. మీ ప్రధానోపాధ్యాయుల చేతనో, క్లాస్ టీచర్ చేతనో చెప్పించు. పెళ్లి మాటలు జరుగుతుంటే మాత్రం ఆలస్యం చేయకు. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం చట్టరీత్యా నేరం. పిల్లల సహాయవాణి 1098 నంబరుకు ఎవరైనా ఫోను చేయవచ్చు, డబ్బు పడదు.

ప్రశ్న: నేనూ నా స్నేహితుడూ ఐదేళ్లు ఒకే సైకిల్ మీద బడికి వెళ్లాము. పదిలో అతడికి 583 మార్కులు, నాకు 412 వచ్చాయి. అతడు నూజివీడు ట్రిపుల్ ఐటీకి వెళ్తున్నాడు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరుతున్నాను. అతడు రెండుసార్లు ఫోను చేశాడు. ఎత్తడానికి సిగ్గుగా ఉండి ఎత్తలేదు. ఇప్పుడు చేస్తే ఏమనుకుంటాడోనని భయంగా ఉంది.

జవాబు: బాబూ, ఈ ఉత్తరం చదివిన వెంటనే ఫోను చెయ్యి, మిగతా జవాబు తరువాత చదువుకోవచ్చు.

నూజివీడు ట్రిపుల్ ఐటీ పల్లెటూళ్లలో బాగా చదివే పిల్లల కోసం 2008లో మొదలైన సంస్థ. పదో తరగతి కాగానే చేర్చుకొని ఆరేళ్లు అక్కడే ఉంచి, ఇంటర్మీడియట్ లాంటి రెండేళ్ల పీయూసీ, ఆ తరువాత నాలుగేళ్ల ఇంజినీరింగు చదివిస్తారు. పదిహేనేళ్ల పిల్లవాడు ఇల్లు వదిలి, ప్రతి ఒక్కరూ తమ బడిలో మొదటి ర్యాంకు వచ్చినవాళ్లే అయిన తరగతిలో కూర్చోబోతున్నాడు. మొదటి పరీక్షలో వెనకబడిన రాత్రి అతడికి తన మార్కులు అడిగే మనిషి అక్కరలేదు, తన సైకిల్ వెనక కూర్చున్న మనిషి కావాలి. రెండుసార్లు ఫోను చేసింది నీ మార్కులు అడగడానికి కాదని నీకూ తెలుసు.

ఏమనుకుంటాడోనన్న భయం నీ ఒక్కడిదే కాదు. పెగ్గీ లియూ అనే పరిశోధకురాలు తన సహచరులతో కలిసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, అనుకోకుండా ఒక పలకరింపు పంపినప్పుడు అవతలివారు ఎంత సంతోషిస్తారో పంపినవారు తక్కువగా అంచనా వేస్తున్నారని తేలింది. కాబట్టి నీ లెక్క తప్పయ్యే అవకాశమే ఎక్కువ. క్షమాపణలు పొడిగించవద్దు. ‘సిగ్గుపడి ఎత్తలేదురా’ అని ఉన్న మాట చెప్పు చాలు. మరొక సంగతి. ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ల చదువు. అతడు పీయూసీ ముగించే వేళకు నీ చేతిలో పని ఉంటుంది. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు వాళ్లింట్లో మోటారు స్టార్టరు పాడైతే విప్పి చూపించేది నువ్వే అవుతావు. ఆ సంగతి అతడితో ఇప్పటి నుంచే మాట్లాడు, నేర్చుకుంటున్నది దాచుకోకు.

ప్రశ్న: మా తరగతి వాట్సాప్ గ్రూపు ఉంది కదా అని ఎవరి నంబరూ విడిగా రాసుకోలేదు. నాన్నగారి ఫోను పోయి, సిమ్ము మారింది. ఇప్పుడు ఎవరూ దొరకడం లేదు. ఏం చేయాలి?

జవాబు: కొత్త సిమ్ము అదే నంబరుతో తీసుకొనే వీలుంటే ముందు ఆ పని చేయించండి, గుర్తింపు కార్డుతో ఆ కంపెనీ దుకాణానికి నాన్నగారే వెళ్లాలి. ఆలస్యం చేయవద్దు. 120 రోజులు వాడని వాట్సాప్ ఖాతా సాధారణంగా తొలగిపోతుంది. రద్దయిన ఫోను నంబరును 90 రోజులు గడిచాక మరొకరికి ఇచ్చే వీలు కూడా ఉంది. అదే జరిగితే మీ స్నేహితులు మీరనుకొని ఎవరినో పలకరిస్తూ ఉంటారు. నంబరు దొరకకపోతే, టీసీలు, మార్కుల మెమోలు తీసుకోవడానికి అందరూ బడికి వచ్చే రోజులే కాబట్టి, గుమాస్తా గారిని అడిగి అక్కడి నోటీసు బోర్డు మీద మీ పేరు, తరగతి రాసి, కలవవలసిన రోజు పెట్టండి. ఫోను నంబరు మాత్రం బోర్డు మీద రాయవద్దు, గుమాస్తా గారి దగ్గర ఇచ్చి ఉంచండి. దొరికిన ప్రతి నంబరునూ, ఇంటి చిరునామానూ ఈసారి కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: మేము ఉమ్మడి నల్లగొండ జిల్లాలో 1994లో పదో తరగతి చదివిన బ్యాచ్. వాట్సాప్ గ్రూపులో 47 మందిమి ఉన్నాము. పొద్దున లేస్తే శుభోదయం బొమ్మలు, మధ్యాహ్నం రాజకీయాల మీద తగువులు. ఇప్పుడు హైదరాబాద్ దగ్గర రిసార్టులో ఆత్మీయ సమ్మేళనం పెడదామని, మనిషికి 3000 రూపాయలని కొందరు నిర్ణయించారు. ఆ సందేశం వచ్చిన దగ్గర నుంచి ఐదారుగురు మాట్లాడటం మానేశారు. నిర్వాహకుల్లో నేనూ ఒకడిని. సలహా చెప్పగలరు.

జవాబు: అయ్యా, మాట్లాడటం మానేసిన ఆ ఐదారుగురిని గమనించినందుకు మీకు నమస్కారం. 3000 రూపాయలు ఇవ్వలేనని గ్రూపులో అందరి ముందూ ఎవరూ రాయరు. పని ఉందని రాస్తారు, లేదా ఏమీ రాయరు. సమ్మేళనాన్ని మీరు చదివిన బడిలోనే, ఒక ఆదివారం, ప్రధానోపాధ్యాయుల అనుమతితో పెట్టండి. ఊళ్లో వంటవాళ్ల చేత పప్పు, కూర, పులిహోర చేయించండి. చందా ఎంత అన్నది ఎవరి వీలును బట్టి వారు ఒకే ఒక్క మనిషికి విడిగా చెప్పేలా ఏర్పాటు చేసి, ఎవరెంత ఇచ్చారన్న జాబితాను గ్రూపులో పెట్టకండి. మీ పదో తరగతి గ్రూపు ఫొటోలో ముందు వరుస కుర్చీల్లో కూర్చున్న ఉపాధ్యాయులలో ఉన్నవారిని ఇంటికి వెళ్లి పిలిచి, కారులో తీసుకురండి. అంత వయసులో వారిని బస్సులో రమ్మనకూడదు.

గ్రూపు సంగతి తేలిక. నిర్వాహకులు మాత్రమే సందేశాలు పంపగలిగే ఏర్పాటు వాట్సాప్‌లో ఉంది. అలాంటి గ్రూపు ఒకటి విడిగా పెట్టి, ఆసుపత్రి, పెళ్లి, చావు కబుర్లను అందులోనే ఉంచండి. ఒక బ్యాచ్ గ్రూపులో తమ తోటివాడి దహనం వార్త ముప్పై పూలబొమ్మల కింద పడిపోయి, ఊళ్లో ఉండి కూడా పదిమంది వెళ్లలేకపోయిన సంగతి నాకు తెలుసు. శుభోదయాలు పాత గ్రూపులో ఉండనివ్వండి, వాటితో పొద్దు గడిచేవాళ్లూ ఉంటారు.

నాకు ఇంకా ముఖ్యంగా తోచేది, ఆ 47 మంది ఎవరన్నది. పది పాసై, ఉద్యోగాలకో వ్యాపారాలకో వెళ్లి, స్మార్ట్‌ఫోను కొన్నవాళ్లు తేలికగా చేరి ఉంటారు. పది తప్పినవాళ్లు ఎందరున్నారు? మీ కాలంలో ఏడో తరగతికి కూడా పబ్లిక్ పరీక్ష ఉండేది. ఆ పరీక్ష తప్పి, పశువుల వెంటో, పత్తి చేలకో వెళ్లిపోయినవాళ్లు మీ బ్యాచ్ కారా? ఆరో తరగతిలో మీ పక్కన కూర్చున్నది వాళ్లే. పెళ్లిళ్లయి ఇంటిపేరు మారిన అమ్మాయిలను ఫేస్‌బుక్‌లో వెతికితే దొరకరు. వాళ్ల పుట్టింటి వీధిలో అడిగితే దొరుకుతారు.

ఈ పేర్లన్నీ బడి ఆఫీసు గదిలోని అడ్మిషన్ రిజిస్టరులో ఉంటాయి. ఎప్పుడు చేరారు, ఏ తరగతిలో ఏ కారణంతో వెళ్లిపోయారు అన్నది కూడా వరుసగా రాసి ఉంటుంది. సమ్మేళనానికి తేదీ పెట్టకముందే ఒకరోజు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి, మీరు ఆరో తరగతిలో చేరిన 1989 నాటి పేజీలు తీయించి, పేర్లు రాసుకోండి. ఆ వరుసలో మీ పేరుకు పైన ఉన్న మనిషినీ, కింద ఉన్న మనిషినీ పిలిచే పని మీరే పెట్టుకోండి.