నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి చోట ఉండి ఒంటరిగా పరిశోధనాత్మక జర్నలిజం చేయవచ్చా?

మండల విలేకరి పని వదిలేసి మహబూబ్‌నగర్‌లోనే ఉంటూ సొంతంగా పరిశోధనాత్మక కథనాలు రాయాలనుకుంటున్నాను, హైదరాబాద్ వెళ్లకుండా కుదురుతుందా, బెదిరింపులు వస్తే ఎలా అని అడిగారు. నల్లగొండ జిల్లాలో నేను చేస్తున్నది ఆ పనే కాబట్టి చెబుతున్నాను. కుదురుతుంది. నిజాం రోజుల్లో, 1922లోనే, షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక నడిపారు. మనకు ఊరు చిన్నదన్నది సాకు కాదు. బెదిరింపులు కూడా వస్తాయి, కానీ రోజూ మోయాల్సిన బరువు అది కాదు. మిమ్మల్ని వసూళ్ల మనిషిగా జమకడతారు. అదీ అసలు చిక్కు.

తప్పు జనానిది కాదు. బండి మీద ‘ప్రెస్’ అని రాయించుకుని రైస్ మిల్లులు, క్వారీలు, నర్సింగ్ హోములు తిరిగేవాళ్లను చూసి చూసి వాళ్లకు అలవాటైపోయింది. ఇందులో యాజమాన్యాల పాత్ర తక్కువేమీ కాదు. జీతం ఇవ్వకపోగా ప్రకటనల టార్గెట్ పెట్టి, ఎవరి మీద రాయాలో వాళ్ల గుమ్మం ముందుకే పంపిస్తే విలేకరి ఏం రాస్తాడు? మీరు అందులోంచే వస్తున్నారు, కొత్తగా చెప్పేదేముంది.

నేను చేసిన ఒక పని చెబుతాను. మిర్యాలగూడ వైపు ఒక మండలంలో ధాన్యం కొనుగోలు కేంద్రంలో తరుగు (తూకంలో కోత) అన్యాయంగా తీస్తున్నారని రైతులు చెప్పారు. 40 కిలోల బస్తాకు సంచి బరువు పోను ఇంకో రెండు కిలోలు. వినడానికి చిన్నదే. కానీ వంద క్వింటాళ్లు అమ్మే రైతుకు అవి 250 బస్తాలు, అంటే అయిదు క్వింటాళ్లు గాలికి పోయినట్టే. ఏ గ్రేడ్ మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలున్న 2024-25 సీజనులో అది 11,600 రూపాయలు.

ఇలాంటి సంగతి తెలియగానే చాలామంది నేరుగా సమాచార హక్కు దరఖాస్తు పెడతారు. పెడితే ట్రక్ షీట్ల (లారీలో మిల్లుకు పంపిన ధాన్యం లెక్క రాసే కాగితాల) నకళ్లు వస్తాయి, మిల్లు ఇచ్చిన రసీదులు వస్తాయి, రెండూ చక్కగా సరిపోతాయి. సరిపోకుండా ఎలా ఉంటాయి? తాలు ఉందనో, తేమ 17 శాతం దాటిందనో మిల్లు వాళ్లు లారీని దించుకోకుండా నిలబెడతారు. కేంద్రం నిర్వాహకులు రైతుకు ఫోను చేసి, బస్తాకు రెండు కిలోలు వదులుకుంటే దించుకుంటారట అంటారు. మబ్బు పట్టిన ఆకాశం కేసి చూసి రైతు సరేనంటాడు. ట్రక్ షీటులో అంకె ఖరారయ్యేది ఆ తర్వాత. ప్రభుత్వ రికార్డుకు ఎక్కేసరికే మరక కడిగేసి ఉంటుంది.

మొదటి అంకె రైతు ఇంట్లో ఉంటుంది. కాంటా వేసిన రోజు కేంద్రంలో రాసిచ్చిన చీటీ అది. ఒక పెద్దాయన దాన్ని పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టి, పాలిథిన్ కవరు చుట్టి దాచారు. నీలి ఇంకుతో బస్తాల సంఖ్య, పక్కన హమాలీ లెక్క, కింద సంతకం బదులు రెండక్షరాలు. వెనక ఆయన కొడుకు లారీ నంబరు రాసిపెట్టాడు. కథనం నిలబడింది ఆ నంబరు మీదే. దాన్ని పట్టుకుని వెళితే డ్రైవరు దగ్గర ప్రైవేటు వేబ్రిడ్జి తూకం చీటీ దొరికింది. రైతు చీటీ, వేబ్రిడ్జి తూకం, బ్యాంకు ఖాతాలో పడిన సొమ్ము పక్కపక్కన పెడితే ఇక ఎవరూ వివరించక్కర్లేదు.

దరఖాస్తు అప్పుడు పెట్టాను. దీనికి అక్రిడిటేషన్ కార్డు, అంటే విలేకరులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు అక్కర్లేదు, పౌరుడైతే చాలు. మన దగ్గర గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5, ఆపైన 10 రూపాయలు. ‘ఎందుకు తీశారు’ అని అడిగితే జవాబు రాదు, ఇవ్వాల్సిన పనీ లేదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా రిజిస్టరు అని అడగాలి. నకళ్లకన్నా ఆ చట్టంలోని సెక్షన్ 2(జె) కింద రికార్డు స్వయంగా చూస్తానని అడగడం నాకిష్టం. కొట్టివేతలు, దిద్దుబాట్లు అసలు పుస్తకంలో కనిపించినట్టు జిరాక్సులో కనిపించవు. 30 రోజుల్లో సమాచారం రాకపోతే మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్.

ఇక్కడొక మెలిక ఉంది. అడిగిన సమాచారం మూడో పక్షానిదని (ఇక్కడ మిల్లుదని), గోప్యమైనదని అధికారి భావిస్తే, సెక్షన్ 11 కింద అయిదు రోజుల్లో వాళ్లకు నోటీసు ఇస్తారు. మీ పేరు ఎలాగోలా మిల్లు వాళ్లకు చేరిపోతుంది. రెండో రోజే ఇద్దరికీ తెలిసిన ఒక పెద్దమనిషి ఫోను: “అన్నా, ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం.” వెళ్లకండి. టీ తాగడానికి కూడా వెళ్లకండి. వాళ్ల వివరణ తప్పకుండా తీసుకోవాలి, కానీ కాగితం మీద. నేను ప్రశ్నలు రాసి స్పీడ్ పోస్టులో, చేరినట్టు రసీదు వచ్చేలా పంపుతాను. జవాబు వస్తే పూర్తిగా వేస్తాను. రేపు ఎవరైనా ‘డబ్బులడిగాడు’ అంటే చూపించడానికి ఆ రసీదే ఉంటుంది. పరువు నష్టం కేసులోనూ పనికొస్తుంది. భారతీయ న్యాయ సంహిత 356 కింద రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. రాసింది నిజమైతే చాలదు, ప్రజా ప్రయోజనం కూడా చూపించాలి.

ఇంకో మాట, బహుశా ఎవరూ చెప్పరు. దరఖాస్తు పెట్టారని ఊరికి తెలిశాక కథనం రాకపోతే, ‘ముట్టింది, మూసుకున్నాడు’ అంటారు. అందుకే వెతికినా ఏమీ దొరకని సందర్భంలో కూడా నేను రాస్తాను. ఫలానా చెక్‌డ్యాం బిల్లుల మీద ఆరోపణ వచ్చింది, కొలతల పుస్తకం చూశాను, పని జరిగిన చోటికి వెళ్లి టేపు పెట్టి కొలిచాను, తేడా లేదు అని. అలాంటి ముక్క ఎవరికీ వార్తలా కనిపించదు. మనకు ఉప్పందించినవాడికి అస్సలు నచ్చదు, ఎందుకంటే ఉప్పందించే ప్రతివాడికీ తన లెక్క ఏదో ఒకటి ఉంటుంది. కానీ ఆ తర్వాతే గుమాస్తాలు నన్ను చూసి తలుపు వేసుకోవడం తగ్గించారు.

డబ్బు గురించి దాచను. కథనాలతో ఇల్లు గడవదు. నేను అనువాదాలు చేస్తాను, పిల్లలకు పాఠాలు చెబుతాను. ఏదైనా చేయండి, కానీ మీరు రాయబోయే వాళ్లతో వ్యాపారం, బాకీ, చీటీపాటలు ఏవీ పెట్టుకోకండి.

మహబూబ్‌నగర్‌లో మొదటి పనికి మిల్లులు, ఇసుక జోలికి వెళ్లవద్దు. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి 200 జిల్లాల్లో మీది ఒకటి. ఆ పనుల మీద జరిగిన సామాజిక తనిఖీల తర్వాత, మండల ప్రజావేదికల్లో (ఆ ఫలితాలను అందరి ముందు చర్చించే సభల్లో) ఎవరెవరి నుంచి ఎంత రికవరీ చేయాలో రాసిన నివేదికలున్నాయి. ఒక మండలం ఎంచుకుని, ఆ సొమ్ములో ఎంత నిజంగా జమైందో చలానాల నకళ్లు అడగండి. మస్టర్లలో, అంటే హాజరు పట్టీల్లో, పేరున్న కూలీలను ఆ ఊళ్లలోనే కలవండి. వాళ్లు పుణెకో ముంబయికో వలసపోయి ఉంటే, ఆ తేదీలతో మస్టరు తేదీలను పోల్చి చూడండి.