టెక్ సందేహాలు: పుస్తకాల గ్రూపులో రాసినవి మళ్లీ దొరకాలంటే?

పాత విద్యార్థులం కలిసి వాట్సాప్‌లో పుస్తకాల గ్రూపు పెట్టుకున్నాం. మంచి పరిచయాలు వస్తున్నాయి. కానీ నెల తర్వాత ‘ఆ పుస్తకం పేరేంటి?’ అని వెతికితే దొరకడం లేదు. ఏం చేయాలి? – ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

ఈ వారం ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. ఒక పుస్తకం చదివి ‘మీరూ చదవండి’ అని పదిమందికి చెప్పాలనిపించడం ఎంత మంచి సంగతి! ఆ మాటలు గుడ్ మార్నింగ్ ఫొటోల కింద పడిపోకూడదు.

ముందు గ్రూపు పేరు మీద నొక్కి ‘డిసప్పియరింగ్ మెసేజెస్’ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. అది 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో పెట్టి ఉంటే పాతవి చెరిగిపోయినట్టే. ఆఫ్‌లోనే ఉంటే, చిక్కంతా మనం రాసే పద్ధతిలో ఉంది. వాట్సాప్ సెర్చ్ టైప్ చేసిన అక్షరాలనే చూస్తుంది. అట్ట ఫొటో పెట్టి ‘అద్భుతం, తప్పక చదవండి’ అంటే పుస్తకం పేరు ఎక్కడా లేదు కదా! వాయిస్ మెసేజ్ పెట్టినా అంతే. ఒకరు పేరు తెలుగులో, ఇంకొకరు ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తే ఒకటి వెతికినప్పుడు రెండోది రాదు.

అందుకే గ్రూపులో ఒక మాట అనుకోండి. మొదటి లైన్లో పుస్తకం, రచయిత, ప్రచురణకర్త పేర్లు తెలుగులో, రెండో లైన్లో పుస్తకం పేరే ఇంగ్లీష్ అక్షరాల్లో, ఆ తర్వాత అభిప్రాయం. టైపింగ్ కష్టమనే పెద్దవాళ్ల ఫోన్లో జీబోర్డ్‌కు (గూగుల్ కీబోర్డుకు) తెలుగు కలిపి, మైక్ గుర్తు నొక్కి మాట్లాడమనండి. చెప్పింది చెప్పినట్టు అక్షరాల్లోకి వస్తుంది. ఒకటీ అరా తప్పులు దిద్దుకుంటే చాలు.

దీనితోపాటు ఒక గూగుల్ ఫామ్ (ఆన్‌లైన్‌లో వివరాలు నింపే పత్రం) కూడా పెట్టుకుంటే ఇంకా మంచిది. నింపినవన్నీ గూగుల్ షీట్ అనే పట్టికలో చేరతాయి, ఆ లింకు గ్రూపులో పిన్ చేయండి. ఫామ్‌లో ‘ఎవరి దగ్గర కాపీ ఉంది?’ అనే గడి తప్పకుండా ఉండాలి. తెలుగు పుస్తకం ఒక ముద్రణ అయిపోతే మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. పరిచయం చదివి ఊరుకోకుండా పుస్తకం చేతికి అందాలంటే ఆ గడే ఆధారం.

పుస్తకాల వెబ్‌సైటు గుడ్‌రీడ్స్‌లో ఏళ్లుగా తెలుగులో రివ్యూలు రాస్తున్నాను. వేరే చోటికి మారాలంటే అన్నీ మళ్లీ రాయాలా? – డాలస్ నుంచి ఒక పాఠకుడు

అక్కర్లేదు. కంప్యూటర్ బ్రౌజర్లో ‘మై బుక్స్’ తెరిచి, ‘ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్’లోకి వెళ్లి ‘ఎక్స్‌పోర్ట్ లైబ్రరీ’ నొక్కండి. పుస్తకాల పేర్లు, రేటింగులు, మీ రివ్యూలు ఒక సీఎస్‌వీ ఫైలుగా (పట్టికలా తెరుచుకునే మామూలు అక్షరాల ఫైలు) వస్తాయి. అలాంటి ఇతర పుస్తకాల సైట్లు స్టోరీగ్రాఫ్, లైబ్రరీథింగ్ ఈ ఫైలును తీసుకుంటాయి. మీ రివ్యూల కింద ఇతరులు రాసిన కామెంట్లు మాత్రం రావు.

తెలుగువాళ్లకు ఇక్కడో ఇబ్బంది ఉంది. ఆ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు అంతా పిచ్చి గుర్తుల్లా కనిపించవచ్చు. కంగారు పడి అలాగే సేవ్ చేస్తే అసలు అక్షరాలు పాడవుతాయి. గూగుల్ షీట్స్‌లో తెరవండి, లేదా ఎక్సెల్‌లో ‘డేటా’ మెనూ నుంచి తెప్పించుకుంటూ, తెలుగు అక్షరాలను సరిగా చూపించే ‘యూటీఎఫ్-8’ ఎంచుకోండి. మారే ఉద్దేశం లేకపోయినా ఏడాదికోసారి ఈ ఫైలు దించుకోండి. మీరు రాసిన మాటల కాపీ మీ దగ్గర కూడా ఉండాలి.

మా నాన్నగారి పాత తెలుగు పుస్తకాలను ఇలాంటి పుస్తకాల యాప్‌లో చేర్చాలంటే దొరకట్లేదు. – రాజమహేంద్రవరం

ఈ యాప్‌లు పుస్తకాన్ని ఎక్కువగా ఐఎస్‌బీఎన్‌తో, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరుతో గుర్తుపడతాయి. ఆ పద్ధతి అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది 1970లో. అంతకుముందు పుస్తకాలకు ఆ నంబరే ఉండదు, తర్వాత వచ్చిన చాలా తెలుగు పుస్తకాల మీదా కనిపించదు. అందుకని బార్‌కోడ్ స్కాన్ వదిలేసి లైబ్రరీథింగ్‌లో వివరాలు చేత్తో ఎక్కించండి. ఆన్‌లైన్ పుస్తకాల జాబితా ఓపెన్ లైబ్రరీలో ఖాతా ఉన్నవాళ్లెవరైనా కొత్త పుస్తకం చేర్చవచ్చు. మీరు చేర్చినది ఇంకెవరికో వెతుకులాటలో దొరుకుతుంది. నాన్నగారి పుస్తకాలకు ఇది మంచి పని, చేయండి.

నచ్చిన నవల పీడీఎఫ్ గ్రూపులో పెట్టవచ్చా? – అనంతపురం

మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో కన్నుమూశారు కాబట్టి ఆయన రచనలు నిస్సంకోచంగా పంచుకోవచ్చు, ఉచిత పుస్తకాల సైటు తెలుగు వికీసోర్స్‌లోనూ ఉన్నాయి. అనువాదాలైతే అనువాదకుల హక్కు వేరే ఉంటుంది, అదీ చూసుకోవాలి. ఈమధ్య వచ్చిన నవల అయితే పీడీఎఫ్ వద్దు. వెయ్యి కాపీలు అమ్ముడవడమే గగనమైన రచయితకు అది నేరుగా దెబ్బ. మీకు నచ్చిన పేజీ గురించి నాలుగు మాటలు రాసి, పుస్తకం కొనుక్కునే లింకు పెట్టండి.

కథ ముగింపు గురించి మాట్లాడుకోవాలి, చదవనివాళ్లకు తెలియకూడదు. – వరంగల్

టెలిగ్రామ్‌లో ఆ వాక్యాన్ని సెలెక్ట్ చేసి, ఫార్మాటింగ్‌లో ‘స్పాయిలర్’ నొక్కండి. తాకితేనే అక్షరాలు కనిపిస్తాయి. గుడ్‌రీడ్స్‌లో రివ్యూ రాసేటప్పుడు స్పాయిలర్లు ఉన్నాయని టిక్ పెట్టే గడి ఉంటుంది.