ముందు తిప్పాలా, ముందు జరపాలా?

పశ్చిమ మాంబళం,
చెన్నై.

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ వ్యాసాన్ని గళ్ల కాగితం పక్కన పెట్టుకుని చదివాను. నిరూపక తలం మీద, అంటే ప్రతి బిందువు చోటునూ రెండు అంకెలతో (నిరూపకాలతో) చెప్పే గళ్ల కాగితం మీద, త్రిభుజాన్ని తిప్పడం, జరపడం గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకు సంతోషం. ఇక్కడ పెరిగే మన పిల్లల్లో చాలామంది ఈ పాఠాన్ని బడిలో ఇంగ్లీషులో వింటారు, ఆటస్థలంలో తమిళం మాట్లాడతారు. ఇంట్లో తాతయ్య దగ్గర కూర్చుని లెక్క గురించి వాదించాలంటే వాళ్ల చేతిలో ఇలాంటి వ్యాసం ఒకటి ఉండాలి. మెచ్చుకోలు ఇంతటితో ఆపుతాను.

మొదటి పేరా కొట్టెయ్యి. ఫ్రెంచి గణితవేత్త డెకార్టె మంచం మీద పడుకుని, పైకప్పు మీద పాకే ఈగను చూసి నిరూపకాలు కనిపెట్టాడన్న కథకు గట్టి ఆధారం లేదు. 1637లో అచ్చయిన ఆయన 'జ్యామితి' పుస్తకంలో మనం ఇప్పుడు గీసుకునే రెండు లంబాక్షాలు, అవి కాగితాన్ని విడగొట్టే నాలుగు భాగాలు కనిపించవు కూడా. అందరూ రాస్తున్నారు కదా అని నువ్వూ రాయకు. గణితం రాసేవాళ్లు కథ విషయంలోనూ లెక్క తప్పకూడదు.

ఈగ పోయాక మిగిలేది సూత్రాల పట్టిక. 90 డిగ్రీలకు ఇది, 180కి అది, 270కి మరొకటి. ఇది పరీక్షకు ముందు రోజు రాత్రి చదివే కాగితం, దీన్ని ఎవరూ ఇష్టపడి చదవరు. ఒక్క సూత్రం చాలు: మూలబిందువు (0, 0) చుట్టూ అపసవ్య దిశలో, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా, 90 డిగ్రీలు తిప్పితే (ఎక్స్, వై) కాస్తా (−వై, ఎక్స్) అవుతుంది. అది ఎందుకో కూడా చూపించు. (1, 0) పైకి లేచి (0, 1) అవుతుంది, (0, 1) ఎడమకు ఒరిగి (−1, 0) అవుతుంది. ఈ రెండూ కళ్లకు కట్టినవాళ్లకు రుణ గుర్తు ఎక్కడ పెట్టాలో బట్టీ పట్టే పని ఉండదు.

ఆ రుణ గుర్తే నీ రెండో బొమ్మలో జారిపోయింది. నువ్వు ఎంచుకున్న త్రిభుజం ఎ (1, 1), బి (4, 1), సి (1, 3). తిప్పాక (1, 1), (1, 4), (3, 1) అని గీశావు. భుజాలు కొలిచి చూసుకుని ఉంటావు, 3, 2, √13 అన్నీ సరిపోయాయి కాబట్టి అనుమానం రాలేదు. కానీ ఎ నుంచి బి, బి నుంచి సి వరుసలో వేలు నడిపించి చూడు. మొదటి బొమ్మలో వేలు అపసవ్యంగా తిరుగుతుంది, రెండోదాంట్లో సవ్యంగా తిరుగుతుంది. నువ్వు చేసింది భ్రమణం (తిప్పడం) కాదు, అద్దంలో ప్రతిబింబం. కొలతలు ఈ తప్పును పట్టుకోలేవు, శీర్షాల (మూలల) వరుస పట్టుకుంటుంది. ఈ మాట వ్యాసంలో తప్పకుండా రాయి, నీ పట్టిక మొత్తం కంటే పాఠకుడికి ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది.

త్రిభుజాన్ని కూడా మార్చు. (1, 1)లో రెండు అంకెలూ ఒకటే కావడం వల్ల తప్పు దాక్కుంది. ఎ (2, 1), బి (5, 1), సి (2, 3) తీసుకో. జరపడం 5 గళ్లు కాకుండా కుడికి 6 గళ్లు చెయ్యి. 6 ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. తిప్పడం ఒక విభాగం, జరపడం ఇంకో విభాగం, రెండూ కలపడం చివర నాలుగు వాక్యాలు: ఇదీ నీ వ్యాసం. ఆ నాలుగు వాక్యాలే వ్యాసమంతా కావాలి. ముందు 90 డిగ్రీలు తిప్పి తరువాత జరిపితే (5, 2), (5, 5), (3, 2) వస్తాయి. ముందు జరిపి తరువాత తిప్పితే (−1, 8), (−1, 11), (−3, 8). త్రిభుజం అదే, వాలు అదే, చోటు మాత్రం వేరు. "క్రమం మారితే ఫలితం మారుతుంది" అని నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎంత మారింది, ఎందుకు మారింది? రెండో ఫలితం మొదటిదానికి ఎడమకు 6, పైకి 6 దూరంలో ఉంది. ముందే జరిపినప్పుడు ఆ జరుపు కూడా త్రిభుజంతోపాటు తిరిగింది. కుడికి వేసిన 6 గళ్లు పైకి వేసిన 6 గళ్లయ్యాయి. పాఠకుడిని ఇక్కడ కాసేపు నిలబెట్టు, తొందరపడకు.

నీ వ్యాసంలో ముగ్గు ప్రస్తావన ఉంది. మైలాపూరు వీధుల అందం వర్ణించి వదిలేశావు. ముగ్గుతో పని చేయించు, లేదంటే తీసెయ్యి. చుక్కల ముగ్గు అంటేనే గళ్ల కాగితం. మధ్య చుక్కను మూలబిందువు అనుకుని, మన త్రిభుజాన్ని ఒక రేకుగా 0, 90, 180, 270 డిగ్రీలకు తిప్పమను. నాలుగు రేకుల పువ్వు వస్తుంది. ప్రతి రేకునూ తిప్పాక కుడికి 6 చుక్కలు జరిపితే పువ్వు చెక్కుచెదరకుండా పక్కకు వెళ్లి కూర్చుంటుంది. ముందు జరిపి తరువాత తిప్పితే రేకులు మధ్య చుక్క చుట్టూనే ఉంటాయి కానీ దూరదూరంగా విడిపోయి, నడుమ ఖాళీ మిగులుతుంది. దీన్ని అలంకారమని ఎవరైనా తీసిపారేస్తే, తాంబరంలోని మద్రాసు క్రిస్టియన్ కళాశాల సంగతి చెప్పు. గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ ముగ్గులకు వ్యాకరణం కట్టి 1974లో పరిశోధన పత్రమే ప్రచురించారు.

6 ఎందుకన్నానంటే, ముందు తిప్పి తరువాత జరపడమనే రెండు పనులూ కలిసి నిజానికి ఒకే భ్రమణం. దాని కేంద్రం మూలబిందువు కాదు, (3, 3). ఆ బిందువు మీద సూది గుచ్చి 90 డిగ్రీలు తిప్పితే, జరపకుండానే త్రిభుజం (5, 2), (5, 5), (3, 2) దగ్గరికి చేరుతుంది. 5 గళ్లు జరిపి ఉంటే కేంద్రం (2.5, 2.5)లో పడి గడి మధ్యలో ఇరుక్కునేది. రెండో క్రమానికి కేంద్రం (−3, 3). సూత్రం లేకుండా దాన్ని పట్టే దారి ఉంది: పాత ఎ నుంచి కొత్త ఎకు, పాత బి నుంచి కొత్త బికి గీతలు గీసి, వాటి లంబ సమద్విఖండన రేఖలు, అంటే ఒక్కో గీతను సరిగ్గా మధ్యలో నిలువుగా కోసే రేఖలు, ఎక్కడ కలుస్తాయో చూడాలి. నీ వ్యాసంలో ఇది లేనే లేదు. ఉండాల్సింది ఇదే.

ఇంకో చిన్న జాగ్రత్త. ఇంటర్‌లో అక్ష పరివర్తనం చదివిన పెద్దవాళ్లు నీ గుర్తులు చూసి తప్పని ఉత్తరాలు రాస్తారు. అక్కడ బిందువులు కదలవు, అక్షాలు కదులుతాయి, కాబట్టి గుర్తులు తిరగబడతాయి. "ఇక్కడ కాగితం కదలదు, త్రిభుజం కదులుతుంది" అని ముందే ఒక వాక్యం పెట్టు.

(0, 0) చుట్టూ 180, ఆ తరువాత (3, 0) చుట్టూ మరో 180 తిప్పితే కేంద్రం అనేదే లేకుండా పోయి, త్రిభుజం కుడికి 6 గళ్లు జరిగి ఊరుకుంటుంది. దీన్ని కూడా ఈ వ్యాసంలోనే ఇరికించాలని నీకు చెయ్యి దురద పుడుతుంది. వద్దు, వచ్చే నెలకు దాచుకో. బొమ్మలు మాత్రం కంప్యూటర్‌లో కాకుండా ముందు చేత్తో గీసి పంపు.

ఉంటాను.

నీ
మాస్టారు